గాలం దారం తెగుతోందా? ముందు తెగిన కొస చూడండి

రామాయపట్నం దగ్గర పడవ నుంచి వంజరానికి గాలం వేస్తే, పట్టినట్టే పట్టి దారం తెగిపోతోందని రాశారు కదండీ. తెగిన కొసను వేలి మీద పెట్టుకుని చూడండి. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే పళ్ల పనే. వంజరం పళ్లు అంత పదును. ఉంగరాలు తిరిగి ఉంటే ముడి జారింది. గరుకుగా ఉంటే పడవ అంచుకో, రాతికో ఒరుసుకుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి పళ్లేననిపిస్తోంది. లావు నైలాను దారం వేసినా లాభం ఉండదు. గాలానికి పైన అడుగు పొడవున సన్నని స్టీలు తీగ కట్టండి, చాలు. మోటారు పడవ కాబట్టి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం గుర్తుంచుకోండి. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను: వంజరం నోట్లోంచి గాలాన్ని చేత్తో తీయకండి, పటకారు వాడండి.