మెదడులో కనెక్షన్లు తెగిపోవడమే స్కిజోఫ్రెనియానా?

అడిగింది ఇదీ: "ఇరవై ఏళ్ల తమ్ముడికి స్కిజోఫ్రెనియా అన్నారు. మెదడులో సైనాప్సులు తగ్గిపోతాయని చదివాను. నిజమేనా? మళ్ళీ పెరగడానికి ఏమైనా ఉందా?"

సైనాప్సులంటే ఒక నాడీకణం ఇంకోదానికి సంకేతం అందించే కూడళ్లు. వాటిని తగ్గించుకోవడం ప్రతి మెదడూ చేసే పనే. 1979లో పీటర్ హటెన్‌లాకర్ అనే నరాల వైద్యుడు అప్పుడే పుట్టిన శిశువు నుంచి 90 ఏళ్ల వాళ్ల దాకా 21 మెదళ్ల ముందు భాగాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి సైనాప్సులు లెక్కించారు. ఏడాది, రెండేళ్ల పిల్లల్లో అవి పెద్దవాళ్ల సగటు కన్నా దాదాపు 50 శాతం ఒత్తుగా ఉన్నాయి. ఒత్తుగా మొలిచిన మడిని పలచన చేసినట్టు, వాడకంలో లేనివాటిని మెదడు తర్వాత ఏరేస్తుంది. ముందు భాగంలో ఈ ఏరివేత ఇరవైల్లో కూడా సాగుతుంది. జబ్బు ఎక్కువగా బయటపడే వయసూ అదే. ఈ ఏరివేత గాడి తప్పడం వల్ల స్కిజోఫ్రెనియా వస్తుందేమోనని 1982లో ఇర్విన్ ఫైన్‌బర్గ్ అనే పరిశోధకుడు రాశారు.

ఆ ఊహకు 2016లో గట్టి ఊతం దొరికింది. జన్యు అధ్యయనాల్లో ఈ జబ్బుకు అన్నిటికన్నా బలమైన సంకేతం 6వ క్రోమోజోము మీద, రోగనిరోధక జన్యువులు గుంపుగా ఉన్నచోట వచ్చేది. ఎందుకో ఏళ్ల తరబడి అంతుబట్టలేదు. కారణం, మామూలు పరీక్ష డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాను వెతుకుతుంది. అక్కడి సీ4 జన్యువు తేడా అక్షరాల్లో కాదు, ప్రతుల్లో ఉంది. ఒకరికి ఒకటే ప్రతి, ఇంకొకరికి మూడు. అందులో ఏ, బీ అని రెండు రకాలు. మళ్ళీ పొడుగువీ పొట్టివీ. స్టీవెన్ మెకారల్, బెత్ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్తల బృందాలు ముందు ఈ ప్రతులను విడివిడిగా లెక్కగట్టాయి. ఏ కూర్పు ఉంటే మెదడులో ఎంత సీ4 తయారవుతుందో చనిపోయినవాళ్ల కణజాలంలో కొలిచాయి. ఆ తర్వాతే 28,799 మంది రోగులను, 35,986 మంది ఇతరులను పోల్చి చూశాయి. సీ4ఏ ఎక్కువ తయారుచేసే కూర్పు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది.

శరీరంలో సీ4 పని, సూక్ష్మజీవుల మీద "దీన్ని తినెయ్యి" అని గుర్తు వేయించడం. మెదడులో ఆ గుర్తు సైనాప్సుల మీద పడుతుంది, మైక్రోగ్లియా అనే మెదడులోని రోగనిరోధక కణాలు వచ్చి మింగేస్తాయి. సీ4 లేకుండా చేసిన ఎలుకల్లో, కంటి నుంచి మెదడుకు వచ్చే దారిలో ఏరివేత సరిగ్గా జరగలేదు.

ఇంత చదివి జన్యు పరీక్షకు పరుగెత్తకండి. అతి ముప్పున్న కూర్పు ఉన్నా, నూటికి ఒకరికి వచ్చే జబ్బు ఒకటింబావు మందికి వస్తుందంతే. ఎమ్మారై కూడా ఇక్కడ పనికిరాదు. దాని చిత్రంలో ఒక్క చుక్కంత చోటులో కోట్ల సైనాప్సులుంటాయి. ఎర్ర రంగులు పులిమిన మెదడు బొమ్మ చూపించి "మీవాడి కనెక్షన్లు ఇక్కడ పోయాయి" అనేవాళ్ల మాట నమ్మొద్దు. సైనాప్సుల్లో ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రోటీన్‌ను పట్టుకునే పెట్ స్కాన్ ఉంది. 2020లో అది రోగుల మెదడు ముందు భాగంలో తగ్గుదల చూపింది. మందులు వాడటం వల్లేనేమో అనుకుంటారు. కానీ ఈ జబ్బుకు వాడే హాలోపెరిడాల్, ఒలాంజపిన్ ఎక్కించిన ఎలుకల్లో ఆ ప్రోటీన్ తగ్గలేదు. ఆ స్కాన్ ఇంకా పరిశోధనకే గానీ రోగ నిర్ధారణకు కాదు.

ఇంకొకటి. తగ్గింది ముఖ్యంగా కణాల కొమ్మల మీద సైనాప్సులు ఉండే చిన్న మొగ్గలు. కణాలు మూకుమ్మడిగా చచ్చిపోలేదు. ఇది అల్జీమర్స్ లాంటిది కాదు. పైగా లెక్క ఒక్కటే విషయమూ కాదు, మిగిలినవి ఎలా పనిచేస్తున్నాయన్నదీ చూడాలి. కెటమిన్ అనే మత్తుమందు, గ్లూటమేట్ అనే రసాయన సంకేతాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని కాసేపు మూసేస్తే చాలు, ఆరోగ్యవంతుల్లోనూ ఈ జబ్బును పోలిన లక్షణాలు కనిపిస్తాయి. అప్పుడు సైనాప్సు ఒక్కటీ ఊడిపోలేదు కదా.

మళ్ళీ పెంచే మందు ఉందా? లేదు. మైనోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ల్యాబులో మైక్రోగ్లియా సైనాప్సులను తినడాన్ని తగ్గించింది. జబ్బు కొత్తగా మొదలైన 207 మందికి ఏడాదిపాటు పరీక్షిస్తే ఉత్త మాత్రకన్నా మేలేమీ చేయలేదని 2018లో తేలింది. జబ్బు బయటపడేసరికే ఏరివేత చాలావరకు అయిపోయి ఉంటుందని నా అభిప్రాయం. "బ్రెయిన్ టానిక్" అమ్మేవాళ్లు ఇలాంటి పరీక్ష ఒక్కటైనా చేశారా అని అడగండి.

ఇప్పుడున్న మందుల్లో ఎక్కువభాగం డోపమైన్ అనే ఇంకో రసాయన సంకేతాన్ని అందుకునే డీ2 గ్రాహకాన్ని అడ్డుకుని గొంతులు వినపడటాన్ని, అనుమానాలను తగ్గిస్తాయి. ఏకాగ్రత, చొరవ వాటితో అంతగా తిరిగిరావు. తమ్ముడు మందు వేసుకుంటూ కూడా ముభావంగా కూర్చుంటే బద్ధకం అని తిట్టకండి. సరిపడా మోతాదులో ఒక మందుకు నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వాలి. అలా రెండు మందులు విఫలమైతే క్లోజపిన్ అనే మందు గురించి డాక్టరు దగ్గర మీరే ఎత్తండి. మొదట్లో వారం వారం తెల్లకణాల లెక్క చూడాలి గనుక దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తుంటారు. గంజాయి అలవాటుంటే మాన్పించాలి. కాస్త నెమ్మదించగానే మందు ఆపేయడం మాత్రం వద్దు. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే.