స్త్రీల కూటంలో ఎవరి గురించి మాట్లాడాలి అంటే, నేను రిస్పా అంటాను

అందరికీ వందనాలు. వచ్చే నెల మా చర్చి స్త్రీల కూటంలో మాట్లాడాలి, బైబిల్లో రూతు, ఎస్తేరు, హన్నా అందరూ అయిపోయారు, ఎవరూ ముట్టుకోని స్త్రీ ఒకరిని చెప్పండి, ఆమె నుంచి మన జీవితానికి ఏం నేర్చుకోవచ్చో కూడా చెప్పండి అని అడిగారు. నా జవాబు రిస్పా. 2 సమూయేలు 21వ అధ్యాయం.

నాకు నలభై దాటాయి. సండేస్కూల్లో కంఠత వాక్యాలకి ప్రైజులు కొట్టినదాన్ని. అయినా ఈమె మీద ఒక్క ప్రసంగం వినలేదు. ఏడాదిలో బైబిలు పూర్తి చేసే క్యాలెండరు పట్టుకుని చదివేటప్పుడు కూడా రెండుసార్లు ఈ అధ్యాయం మీదుగా దాటిపోయానే తప్ప ఆగలేదు. మూడోసారి ఎందుకు ఆగానో తర్వాత చెప్తాను.

ముందు కథ. దావీదు కాలంలో మూడేళ్ళు వరసగా కరువు వచ్చింది. దావీదు కారణం అడిగితే, అతనికి ముందు రాజుగా ఉన్న సౌలు గిబియోనీయులను చంపించాడు, అందుకు అని దేవుడు చెప్పాడు. గిబియోనీయులంటే మీకు గుర్తుండే ఉంటుంది. యెహోషువ 9లో బూజు పట్టిన రొట్టెలు, అరిగిపోయిన చెప్పులు చూపించి, ఎక్కడో దూరం నుంచి వచ్చామని నమ్మించి, తమను చంపకుండా ఒప్పందం చేయించుకున్నవాళ్ళు. మోసంతో వచ్చిన మాటే అయినా దేవుని పేరున ప్రమాణం చేశారు కాబట్టి ఇశ్రాయేలీయులు దానికి కట్టుబడాలి. సౌలు దాన్ని తుంచేశాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. కారణం చెప్పింది దేవుడు. పరిహారం ఏంటని దావీదు అడిగింది మాత్రం గిబియోనీయులను. వెండి బంగారాలు వద్దు, సౌలు వంశంలో ఏడుగురు మగవాళ్ళను ఇవ్వండి అన్నారు వాళ్ళు. ఇచ్చేశాడు. సౌలు కొడుకు, తన స్నేహితుడు యోనాతానుతో చేసిన ప్రమాణం గుర్తుంచుకుని అతని కొడుకు మెఫీబోషెతును పక్కన పెట్టి, సౌలు ఉపపత్ని రిస్పా కన్న ఇద్దరిని, సౌలు పెద్దకూతురు కన్న ఐదుగురిని పట్టించాడు. రిస్పా కొడుకుల పేర్లు అర్మోని, మెఫీబోషెతు. అవును, ఇంకో మెఫీబోషెతు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకడు రాజు బల్ల దగ్గర భోజనం చేస్తూ బతికాడు, ఇంకొకడు కొండ మీద చచ్చిపోయాడు.

ఏడుగురినీ ఒకేసారి ఉరి తీశారు. శవాలను దించలేదు. ఉరి తీసినవాడి శవాన్ని రాత్రంతా అలా ఉంచకూడదు, ఆ రోజే పాతిపెట్టాలి అని ద్వితీయోపదేశకాండం 21 చివర్లో ఉంది. ఆ ఆజ్ఞ ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

రిస్పా ఒక గోనెపట్ట తీసుకుని అక్కడికి వెళ్ళింది. బండ మీద పరుచుకుని కూర్చుంది. పగలు పక్షులు, రాత్రి అడవి జంతువులు ఆ శవాల మీదికి రాకుండా తోలుతూ ఉంది. యవలకోత మొదలైనప్పటి నుంచి ఆకాశం నుంచి వాన కురిసేదాకా. ఎన్ని రోజులో బైబిలు లెక్క ఇవ్వలేదు. ఆ దేశంలో యవలకోత మనకి ఈస్టరు వచ్చే రోజుల్లో మొదలవుతుంది, తర్వాత ఎండాకాలమంతా చినుకు పడదు, మామూలుగా అయితే వానలు అక్టోబరు దగ్గరే. కరువు తీరుస్తూ ముందే ఒక వాన పడి ఉండొచ్చు అనేవాళ్ళూ ఉన్నారు. ఎలా లెక్కేసినా రాత్రీ పగలూ ఒక ఆడమనిషి ఒంటరిగా, కుళ్ళిపోతున్న ఏడు శవాల దగ్గర. అందులో ఐదుగురు తన కడుపున పుట్టినవాళ్ళు కూడా కాదు.

బైబిల్లో రిస్పా మాట్లాడిన మాట ఒక్కటీ లేదు. ప్రార్థన చేసినట్టు కూడా రాయలేదు. అంతకు ముందు 3వ అధ్యాయంలో ఒకసారి ఆమె పేరు వస్తుంది. సౌలు చనిపోయాక, నా తండ్రి ఉపపత్ని దగ్గరికి ఎందుకు వెళ్ళావని సౌలు కొడుకు ఇష్బోషెతు సేనాపతి అబ్నేరును నిలదీస్తాడు. అబ్నేరుకు కోపం వచ్చి దావీదు వైపు తిరుగుతాడు. రాజ్యం చేతులు మారడం ఆ గొడవతో మొదలైంది. అసలు ఏం జరిగిందని రిస్పాను అడిగినవాళ్ళు లేరు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2013లో మా తమ్ముడు చనిపోయాడు. తాగుడు, దాని వెనక అప్పులు, చివరికి లివరు పాడైంది. ముప్పై ఒకటో ఏడు. ఆదరణ కూడిక పెట్టుకున్నాం. మాట్లాడటానికి వచ్చిన ఒక పెద్దాయన, మా అమ్మ ముందు చాప మీద కూర్చుని ఉండగానే, ‘పాపమువలన వచ్చు జీతము మరణము’ అనే వాక్యం తీసుకున్నాడు. యవనస్తులకు హెచ్చరికగా ఉంటుందని ఆయన ఉద్దేశం. వాక్యంలో తప్పేం లేదు, అది మనందరికీ వర్తించేదే. కానీ ఆ రోజు తర్వాత మా ఊళ్ళో ఎవరూ వాడి పేరు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. పిల్లలు అడిగితే జాండిస్ అని చెప్పేవాళ్ళం.

అమ్మ మాత్రం రోజూ సాయంత్రం సమాధుల దొడ్డికి వెళ్ళేది. ప్రకాశం జిల్లాలో మా ఊరు. ఆ దొడ్డి చెరువుకట్ట అవతల ఉంటుంది, అప్పట్లో ప్రహరీ లేదు. కుక్కలు తిరుగుతాయి, పందులు కూడా. కొత్తగా పూడ్చిన మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి వచ్చి తవ్వుతాయి. అమ్మ ఒక యూరియా సంచి, ఒక కర్ర పట్టుకుని వెళ్ళి చీకటి పడేదాకా కూర్చునేది. హైదరాబాదులో ఉన్న నాకు వదిన ఫోన్ చేసి చెప్పింది, ఊళ్ళో అందరూ ఒకరకంగా అనుకుంటున్నారు, పిచ్చి పట్టిందేమో అంటున్నారు అని.

నాకు టెన్షన్ కంటే నామోషీ ఎక్కువ అనిపించింది, ఉన్నమాట చెప్పాలంటే. ఊరికి వెళ్ళి అమ్మని గట్టిగానే అన్నాను. మనం విశ్వాసులం కదమ్మా, వాడు అక్కడ ఉన్నాడా ఏంటి, నిరీక్షణ లేనివాళ్ళలాగా ఇలా కూర్చుంటే సాక్ష్యం ఏముంటుంది అని.

అమ్మ చెప్పింది, ‘‘వాడు అక్కడ లేడని నాకు తెలవదంటే? కుక్కలు ఉన్నాయి కదే.’’

నా దగ్గర జవాబు లేదు. అయినా వాదించాను. ఆ మర్నాడే తిరిగి వచ్చేశాను. నాలుగు నెలలు అలా కూర్చుంది అమ్మ, సిమెంటు గట్టు కట్టించడానికి డబ్బులు కూడేదాకా. కట్టించాక మానేసింది. పిచ్చి అయితే మానేసేది కాదుగా.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఒక రోజు ఉదయం ఆఫీసు బస్సులో ఫోన్లో బైబిలు చదువుతుంటే ఈ అధ్యాయం వచ్చింది. గోనెపట్ట అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాకు యూరియా సంచి కనిపించింది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

అందుకే రిస్పా నుంచి నేర్చుకునేది ఏంటి అని మీరు అడిగితే నాకు ముందు తోచేది, ఏడ్చేవాళ్ళ విశ్వాసాన్ని కొలవడం మానుకోవాలి అని. ‘నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అనే వాక్యాన్ని నేను మా అమ్మ మీద బెత్తంలా వాడాను. నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దని పౌలు రాశాడు, దుఃఖమే వద్దని రాయలేదు. యేసు కూడా చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసే ఏడ్చాడు. మన సంఘాల్లో మాత్రం మూడో రోజుకే కళ్ళు తుడుచుకోవాలి, లేకపోతే ఎవరో ఒకరు వాక్యంతో వచ్చేస్తారు.

ఇంకోటి, రిస్పా కాపలా కాసింది శిక్ష పడినవాళ్ళ శవాలకి. దేశమంతా వాళ్ళ చావు వల్ల కరువు పోతుందని ఎదురు చూస్తోంది. ఆ సమయంలో వాళ్ళ పక్షాన కూర్చోవడం అంటే మాటలు కాదు. నా కొడుకు మంచివాడు అని ఆమె వాదించలేదు. గద్దలను మాత్రం రానివ్వలేదు. మన చుట్టూ కూడా సిగ్గుతో కప్పిపెట్టిన చావులు, జబ్బులు, ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అప్పులతో పోయినవాళ్ళు, పురుగులమందు తాగినవాళ్ళు, చెప్పుకోలేని జబ్బుతో పోయినవాళ్ళు. వాళ్ళ తరఫున వాదించలేకపోవచ్చు. వాళ్ళ పేరు మీద వచ్చే మాటల్నైనా తోలొచ్చు. మా తమ్ముడి విషయంలో నేను అది చేయలేదు. జాండిస్ అని చెప్పాను.

తర్వాత ఏం జరిగిందో చూడండి. రిస్పా చేసింది ఎవరో దావీదుకు చెప్పారు. రాజు ఆమెను పిలిపించినట్టు గానీ, మాట్లాడినట్టు గానీ రాయలేదు. కానీ లేచి యాబేష్గిలాదు అనే ఊరికి వెళ్ళి, అన్నేళ్ళుగా అక్కడే ఉండిపోయిన సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించాడు. ఈ ఏడుగురి ఎముకలు కూడా ఏరించాడు. సౌలు, యోనాతానులను సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టించాడు. ప్రాణ స్నేహితుడు యోనాతాను కోసం అంత పాట పాడిన దావీదుకి, అతని ఎముకలు తాత సమాధికి చేర్చాలని గుర్తు చేసింది ఒక ఉపపత్ని. దేశం కోసం చేసిన ప్రార్థన దేవుడు ఆలకించాడు అనే మాట 14వ వచనంలో, ఈ సమాధి అయ్యాకే వస్తుంది. ఏడుగురిని ఉరి తీసిన 9వ వచనం దగ్గర ఆ మాట లేదు. దీని మీద పెద్ద సిద్ధాంతం కట్టమని నేను చెప్పను. ఆ క్రమం మాత్రం కూటంలో అందరికీ చూపించండి, చాలు.

ఒక జాగ్రత్త. ఈ కథ చివరికి ‘కాబట్టి సహోదరీలారా, రిస్పాలాగా ఓర్చుకోండి’ అని ముగించొద్దు, దయచేసి. కొట్టే భర్తను, పీక్కుతినే అత్తింటిని ఓర్చుకోమని ఆడవాళ్ళకి ఇప్పటికే చాలా ప్రసంగాలున్నాయి. రిస్పా ఓర్చుకోలేదు. వచ్చినవాటిని వచ్చినట్టు తరిమింది. ఊరు వద్దనుకున్న చోట అందరికీ కనపడేలా కూర్చుంది. తన కొడుకులు తిరిగి రాలేదు కూడా. ఆమె నమ్మకంగా ఉంది కాబట్టి రెండింతలు దొరికింది అని చెప్పడానికి ఈ కథలో చోటు లేదు, లేనిది తెచ్చి పెట్టొద్దు. మీ కూటంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఒకరైనా ఉంటారు. ఆమెకి తేడా వెంటనే తెలుస్తుంది.

ఈ అధ్యాయం నేను అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. అమ్మకి చదువు రాదు. అప్పుడు నేనన్న మాటలకి క్షమాపణ కూడా అడుగుదామని మనసులో సిద్ధం చేసుకున్నాను. అమ్మ మొత్తం విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, ‘‘మరి ఆమెకి మంచినీళ్ళు ఎవరు తెచ్చి ఇచ్చారంటే?’’

బైబిల్లో లేదమ్మా అన్నాను. ఎవరో ఇచ్చే ఉంటారులే, లేకపోతే ఆ ఎండకి అన్నాళ్ళు ఎట్టా ఉంటది అంది. అప్పుడు చెప్పింది, చెరువుకట్ట మీద గేదెలు తోలుకుపోయే ముసలాయన ఒకాయన రోజూ ఒక సీసా నీళ్ళు ఆ మూల రాయి దగ్గర పెట్టి పోయేవాడట. ఒక్క రోజు కూడా పలకరించలేదట. ఆయనది ఏ చర్చో, అసలు చర్చికి వెళ్ళే మనిషేనో కూడా అమ్మకి తెలియదు.

నాకు పదేళ్ళుగా ఈ సంగతి తెలియదు. నేను హైదరాబాదు నుంచి చార్జీలు పెట్టుకుని వెళ్ళింది అమ్మకి వాక్యం చెప్పడానికి. సీసా పెట్టింది ఆయన. మీ కూటంలో మాట్లాడేటప్పుడు అమ్మ అడిగిన ఈ ప్రశ్న అడిగి చూడండి. మా చర్చిలో నేను అడిగినప్పుడు, ఇన్నాళ్ళూ నోరు విప్పని ఇద్దరు మాట్లాడారు. ఒకామె వాళ్ళాయన డయాలసిస్ గురించి, ఇంకొకామె జైల్లో ఉన్న అన్నయ్య గురించి. నేను రాసుకెళ్ళిన నోట్సులో సగం చెప్పనే లేదు.

ఇక మిగతావి చిన్న విషయాలు. 1 నుంచి 14 వచనాల దాకా చదివించి ఆపేయండి, 15 నుంచి ఫిలిష్తీయులతో యుద్ధం మొదలై మనసు పక్కకి పోతుంది. 8వ వచనంలో సౌలు పెద్దకూతురి పేరుకు బదులు కొన్ని ప్రతుల్లో చిన్నకూతురు మీకాలు పేరు ఉంటుంది, మీకాలుకి పిల్లలు లేరు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 1 సమూయేలు 18:19 చూపించండి, ఆ ఐదుగురి తండ్రి అద్రీయేలు, అతని భార్య సౌలు పెద్దకూతురు మేరబు. చదివే అమ్మాయికి పేర్లు ముందే ఒకసారి చూపించండి. మా దగ్గర చదివిన పిల్ల బర్జిల్లయి అనే పేరు దగ్గర ఆగిపోయి నా మొహం చూసింది, నేను కూడా తప్పే చెప్పాను.