రేగడి చేలో ఇల్లు దింపుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి తల్లికి,

పెద్దనాన్న ఆశీస్సులు. కోవెలకుంట్ల దగ్గర మన చేలో నువ్వు ఇల్లు పెట్టించుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఫ్యాక్టరీలో చేసి, లారీలో తెచ్చి బిగించే ఇల్లట, అడ్వాన్స్ కూడా కట్టావట. మన ఇంట్లో ఊరొదిలి పోయినవాళ్లే గానీ, మళ్లీ చేలోకొచ్చి ఉంటానన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది. అంతలో మీ నాన్న ఇంకో మాటన్నాడు. "తేలిక ఇల్లు కదన్నా, పునాది పెద్దగా అక్కర్లేదంట, నేల చదును చేసి దిమ్మెలు పోస్తే చాలంట" అని. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్.

ఆ మాట ఎర్రనేలలో చెల్లొచ్చు. మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నోళ్లు తెరుస్తుంది. బరువైన రాతి మేడ అయితే ఆ ఉబ్బును కొంతైనా తొక్కిపెడుతుంది. నీ ఇనుప ఫ్రేము, ప్యానెళ్ల ఇల్లు తేలిక కాబట్టే నేల దాన్ని సులువుగా పైకెత్తుతుంది. ఇల్లు తేలికయ్యేకొద్దీ రేగడిలో పునాది విషయంలో జాగ్రత్త పెరగాలి. కంపెనీ వాళ్లకు వాళ్ల ఇల్లు తెలుసు, మన నేల తెలీదు.

అన్నిటికంటే ముందు ఒక పని ఈ వారంలోనే చెయ్యి. నువ్వు పంపిన ఫోటోలో బాబు వెనకాల పాత బోరు కనిపించింది. దానికి మూత లేదు. కేసింగ్ పైపు లాగేసిన బోరు పైభాగం వానకు విరిగి వెడల్పవుతుంది, గడ్డి కప్పేస్తే అక్కడ గుంత ఉందనే తెలీదు. పిల్లలు ఇలాంటి వాటిలో పడిపోతున్నారనే 2010లో సుప్రీంకోర్టు పాడుబడ్డ బోర్లను అడుగు నుంచి పైదాకా పూడ్చాలని ఆదేశాలిచ్చింది. పిల్లాణ్ణి చంకనెత్తుకుని ఫోటో దిగడానికి అంత దగ్గరకు ఎలా వెళ్లావమ్మా? మట్టి, రాళ్లు వేసి పూర్తిగా పూడ్పించి ఆ ఫోటో నాకు పంపు. అంతవరకూ బాబును చేలోకి తీసుకెళ్లొద్దు.

ఇక గ్రామ సర్వేయర్‌తో హద్దులు కొలిపించు. వ్యవసాయ భూమిలో ఇల్లు కాబట్టి అనుమతి సంగతి కాగితం మీద తేల్చుకో. మోటారుకున్న ఉచిత కరెంటు ఇంటికి వాడకూడదు, ఇంటి మీటరు వేరుగా తీసుకో. ఇవన్నీ తిరిగితే అయ్యే పనులు.

నేల సంగతి అలా కాదు. కళ్లం దగ్గర కూలిపోయిన గది నీకు గుర్తుంది కదా. అందులోకి వెళ్లావని చిన్నప్పుడు నిన్ను అవ్వ కొట్టింది. అది మీ తాత ఎంతో ఇష్టపడి కట్టించిన గది. జొన్న బాగా పండిన ఏడు, మే నెలలో పని మొదలుపెట్టాడు. గడ్డపార వేస్తే ఖంగుమని మోగేంత గట్టిగా ఉంది నేల. "ఇంత గట్టి నేల ఇంకెక్కడ దొరుకుతుంది" అన్నాడు మేస్త్రి. మూడడుగులు తవ్వి, రాళ్లు పేర్చి, గోడలు లేపి, పైన నాపబండలు పరిచారు. ఎండాకాలపు నేలను చూసి దాన్ని నమ్మడమే ఆ ఇంటికి జరిగిన తప్పు.

మొదటి వానాకాలంలోనే తలుపు పట్టేసింది. వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించాడు తాత. శివరాత్రి నాటికి అదే తలుపు వదులై, కింద సందులోంచి తేళ్లు రావడం మొదలైంది. అవ్వ రాత్రిళ్లు ఆ సందులో పాతగుడ్డలు కుక్కేది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు లేచింది, నా చూపుడువేలు పట్టేంత. వేసవిలో దాన్ని సిమెంటుతో పూడ్చేవాళ్లు. వానలకు నేల ఉబ్బి గోడ మళ్లీ దగ్గరకు రాబోతే, పూడ్చిన సిమెంటు అడ్డుపడి పక్కన కొత్త పగులు లేచేది. ఎప్పుడూ వెనక కుడిమూలే ఎక్కువ లేచేది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. కాలవ పనుల్లో చేరాకే నాకు తెలిసింది. స్నానాల నీళ్లు ఆ మూలనే నేలలోకి పోయేవి. ఆ మూల ఏడాదంతా తడి, ఎదురు మూల వేపచెట్టు వేళ్లు నీళ్లు పీల్చేసి ఎప్పుడూ పొడి. ఒకే గది కింద రెండు రకాల నేల. చివరికి ఒక బండ జారి కిందపడింది. అదృష్టం, ఆ పూట లోపల ఎవరూ లేరు. గది గడ్డివాముకు వదిలేశాం. తాత ఆ తర్వాత ఇల్లు కట్టే మాటే ఎత్తలేదు.

అందుకే నీ చోట ముందు మట్టి పరీక్ష చేయించు. ల్యాబులో మెత్తగా జల్లించిన మట్టిని పది గ్రాములు నీళ్లలో, పది గ్రాములు కిరసనాయిల్లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది దానికి రెట్టింపయిందంటే ప్రమాదపు మట్టి అన్నమాట. ఆ రిపోర్టు పట్టుకుని స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లు. చాలావరకు అండర్ రీమ్డ్ పైల్స్ చెప్తాడు, అంటే నేలలోకి లోతుగా దించి పోసే, అడుగున ఉబ్బెత్తుండే కాంక్రీటు స్తంభాలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) మన రేగడి నేలల కోసమే పరిశోధించి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. పైల్ సుమారు మూడున్నర మీటర్లు దిగుతుంది. ఆ లోతులో తడి పెద్దగా మారదు. అడుగున ఆ స్తంభానికి రెండున్నర రెట్ల వెడల్పు ఉబ్బెత్తు ఉంటుంది కాబట్టి నేల దాన్ని పైకి లాగలేదు. పైల్స్ మీద వేసే బీముకీ నేలకీ మధ్య మూడంగుళాల పైన ఖాళీ ఉంచాలి. నేల ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బుతుంది. పని చక్కగా కనిపించాలని కూలీలు ఆ సందులో మట్టి కుక్కేస్తారు. ఆ రోజు నువ్వే దగ్గరుండు.

రేగడి తీసేసి ఇసుక నింపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. చుట్టూ నీళ్లు దిగని రేగడి, మధ్యలో ఇసుక అంటే కుండలో నీళ్లు పట్టి దాని మీద ఇల్లు పెట్టినట్టే. నింపాల్సొస్తే ఉబ్బని ఎర్ర గరుసు, ఆరంగుళాల పొరలుగా, తడిపి రోలర్‌తో తొక్కించాలి. ఇంటి చుట్టూ నాలుగైదడుగుల వెడల్పున బేతంచర్ల బండలు వాలుగా పరిపించు. చూరు నీళ్లు, స్నానాల నీళ్లు పైపులో దూరంగా పోవాలి. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడుగుంత ఇంటికీ తాగునీటి బోరుకీ కనీసం అరవై అడుగుల ఎడంగా పెట్టు. వేపచెట్టును కొట్టొద్దు, ఇంటినే దూరం జరుపు.

ఇంటిని పునాదికి బిగించే బోల్టుల సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీలో రంధ్రాలు ముందే వేసి పంపుతారు, ఇక్కడ అరంగుళం తేడా వచ్చినా కూర్చోదు. కాంక్రీటు పోసే ముందు ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ తాడుతో కొలిపించు, రెండూ ఒకటే ఉండాలి.

లారీ రావాలంటే శనగ కోసేశాక, ఫిబ్రవరి నుంచి మే లోపే. ఒక్క వాన పడితే మన బాటలో ట్రాక్టరే దిగబడుతుంది. చేను గట్టు మీదుగా పోయే పదకొండు కేవీ కరెంటు తీగల కింద క్రేన్ చెయ్యి పైకెత్తకూడదు. ఆ పూటకు లైను ఆపమని కరెంటాఫీసులో ముందే అర్జీ పెట్టు.

అయితే ఈ ఫిబ్రవరి వద్దు తల్లీ. రాబోయే వానాకాలంలో నీళ్లు ఏ పక్క నుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూసుకో. పైల్స్ పని ఆ తర్వాత చేయించి, ఆ పై వచ్చే ఫిబ్రవరికి ఇల్లు తెప్పించు. అద్దె దండగ అని నీకు ఉంటుంది, నాకు తెలుసు. కంపెనీతో మాట్లాడి డెలివరీ తేదీ మార్పించు. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను. పైల్స్ తవ్వే రోజు చెప్తే ముందు రాత్రి బస్సుకే వస్తాను. ఆ గుంతల అడుగు నా కళ్లతో చూస్తేగానీ నాకు కుదురుండదు.

బాబుకు ముద్దులు. బోరు ఫోటో మర్చిపోకు.

నీ పెద్దనాన్న