నత్తచేపల వర్గీకరణ: లేని అవయవంతో చుట్టరికం కలపవచ్చా?

ప్రశ్న: లోతు సముద్రపు నత్తచేపల గురించి చదువుతుంటే పారాలిపారిస్ అనే ఒక్క ప్రజాతిలోనే వందకు పైగా జాతులున్నాయని తెలిసింది. పొట్ట కింద అంటుకునే బిళ్ల లేకపోవడమే ఆ ప్రజాతికి ముఖ్య లక్షణమట. ఒక అవయవం లేదన్న ఆధారంతో ఇన్ని చేపలను ఒకే ప్రజాతిలో చేర్చడం శాస్త్రీయమేనా? (జంతుశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: ఈ కుటుంబం మీద పనిచేసేవారిని చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న ప్రశ్ననే మీరు అడిగారు. ఆ లక్షణం చేపను గుర్తుపట్టడానికి పనికివస్తుంది కాని, చుట్టరికాన్ని నిరూపించడానికి ఒక్కటే చాలదు. ఇక్తియోఫిస్‌కు కాళ్లు లేవు, పాముకూ కాళ్లు లేవు; అయినా మొదటిది ఉభయచరమని, రెండవది సరీసృపమని మీరు పాఠ్యపుస్తకంలోనే చదువుకొని ఉంటారు. నత్తచేపల విషయంలోనూ చిక్కు ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ తేడాలు అంత స్థూలంగా కనిపించవు కాబట్టి, అది బయటపడడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

ముందుగా ఆ బిళ్ల సంగతి చూద్దాం. నత్తచేపల కుటుంబం పేరు లిపారిడే. ఇందులో ఇప్పటికి నాలుగు వందలకు పైగా జాతులను వర్ణించి, వాటిని సుమారు ముప్పై ప్రజాతులుగా పంచారు. పొలుసులు లేని ఒళ్లు, వదులుగా ఉండే పల్చని చర్మం, ఆ చర్మం కింద తాటిముంజను తలపించే మెత్తని జిగురు పదార్థం, తోక వైపు సన్నబడుతూ పోయే శరీరం ఈ చేపలలో సాధారణంగా కనిపించే రూపం. చల్లని సముద్రతీరాల్లో రాళ్ల మధ్య బతికే లిపారిస్ ప్రజాతి చేపలలో రెండు శ్రోణి వాజాలూ (పొట్ట కింది రెక్కలు) కలిసిపోయి గుండ్రని చూషకంగా, అంటే అంటుకునే బిళ్లగా మారాయి. అలల తాకిడికి కొట్టుకుపోకుండా చేప ఆ బిళ్లతో రాయిని అంటిపెట్టుకొని, తోకను ఒంటి పక్కకు చుట్టుకొని ఉంటుంది. నత్త అన్న పేరు రావడానికి ఆ భంగిమ, ఆ జిగురు రెండూ కారణాలుగా చెబుతారు.

లిన్నేయస్ 1766లో ఈ చేపను సైక్లాప్టెరస్ లిపారిస్ అని, అంటే లంప్‌సకర్ అనే చేపల ప్రజాతిలో చేర్చి నమోదు చేశాడు. 1777లో స్కోపోలి దానికి లిపారిస్ అన్న ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. నిగనిగలాడే జిడ్డుతనాన్ని సూచించే గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. విచిత్రమేమిటంటే, నత్తచేపలకు అత్యంత సమీప బంధువులు ఆ లంప్‌సకర్లేనని నేటి జన్యు పరిశోధనలు కూడా చెబుతున్నాయి కాబట్టి, లిన్నేయస్ చేసిన పొరపాటు మరీ పెద్దదేమీ కాదు.

తీరం నుంచి లోతుకు పోయేకొద్దీ రాళ్లు తగ్గి, మెత్తని బురద నేల పెరుగుతుంది. కొన్ని జాతులు ఆ నేలను కూడా వదిలి నీటిలో తేలుతూనే బతుకుతాయి. పట్టుకోవడానికి రాయి, తట్టుకోవడానికి అల లేనిచోట ఆ బిళ్ల అవసరం తగ్గుతుంది. కేర్‌ప్రాక్టస్ ప్రజాతిలో బిళ్ల ఉంది కాని, చాలా జాతుల్లో అది బాగా చిన్నదైపోయింది. పారాలిపారిస్‌లో బిళ్లతో పాటు శ్రోణి వాజాల ఆనవాలు కూడా లేదు. నార్వే జంతుశాస్త్రవేత్త రాబర్ట్ కాలెట్ 1879లో ఈ ప్రజాతిని నెలకొల్పినప్పుడు ఆయన ముందున్నవి ఉత్తర అట్లాంటిక్ లోతుల్లో దొరికిన చేపలు. ఆ తరువాత అంటార్కిటికా చుట్టూ, ఆస్ట్రేలియా దక్షిణాన, పసిఫిక్ అంచుల్లో బిళ్ల లేని నత్తచేప దొరికినప్పుడల్లా, మరో ప్రత్యేక లక్షణం అడ్డు రాకపోతే దాన్ని ఈ పేరు కిందికే చేర్చుతూ వచ్చారు.

2019లో ప్రచురితమైన జన్యు, శరీర నిర్మాణ పరిశోధన ఈ పద్ధతిలోని లోపాన్ని స్పష్టంగా చూపింది. పారాలిపారిస్, కేర్‌ప్రాక్టస్ రెండూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన శుద్ధమైన శాఖలు కావని, వాటిలోని జాతులు వంశవృక్షంలో వేర్వేరు కొమ్మల మీద కనిపిస్తున్నాయని అందులో తేలింది. మిగతా నత్తచేపలన్నిటి కంటే ముందే విడిపోయిన కొమ్మ నెక్టోలిపారిస్ అనే చిన్న చేపది. నడిసముద్రపు నీటిలో తేలుతూ బతికే దానికి కూడా బిళ్ల లేదు. అంటే ఈ కుటుంబ చరిత్రలో బిళ్ల ఒక్కసారి కాక, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పలుమార్లు పోయింది.

అయితే ఆ ప్రజాతిని వెంటనే ముక్కలు చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. దానికి అడ్డు వచ్చేది సిద్ధాంతం కాదు, సామగ్రి. పారాలిపారిస్‌లో అనేక జాతులు ఒకే ఒక్క నమూనా ఆధారంగా వర్ణించినవి. ఆ నమూనా దశాబ్దాల క్రితం వలలో పైకి వచ్చేసరికే చర్మం చిరిగి, జిగురు కారిపోయి, ఆ తరువాత ఫార్మలిన్‌లో చేరింది. ఫార్మలిన్ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది కాబట్టి, కొత్త వంశవృక్షంలో అలాంటి జాతికి చోటు చూపడం కష్టం. సగం జాతుల చోటు తెలియకుండా పేర్లు మార్చితే, రేపు మళ్లీ మార్చవలసి వస్తుంది. పారాలిపారిస్ అన్న పేరును ప్రస్తుతానికి ఒక సంచిగా భావించి, దానిలో ఒకటికి మించిన వంశాలున్నాయని గుర్తుంచుకొని వాడడమే వివేకమని నా అభిప్రాయం.

ఇలాంటి నమూనాలలో జాతులను ఎలా వేరు చేస్తారో కూడా చెప్పాలి. బయటి రంగు, రూపం నమ్మదగినవి కావు కాబట్టి, ఎక్స్‌రే తీసి వెన్నుపూసలనూ వాజాల కిరణాలనూ లెక్కపెడతారు. ఉరోవాజాన్ని (మొప్పల వెనుక ఉండే పక్క రెక్కను) మోసే చిన్న ఎముకలు ఎన్ని, వాటి అంచులు నున్నగా ఉన్నాయా, నొక్కులు పడ్డాయా అని రంగు ఎక్కించి చూస్తారు. తలమీది సూక్ష్మ రంధ్రాల సంఖ్య, దంతాల ఆకారం, మొప్ప చీలిక పొడవు కూడా లెక్కలోకి వస్తాయి. రష్యాకు చెందిన అనతోలీ ఆంద్రియాషెవ్, నతాలియా చెర్నోవా, అమెరికాకు చెందిన డేవిడ్ స్టీన్ ఈ ఓపిక పనిలో పేరెన్నికగన్నవారు. వీరు ముగ్గురూ కలిసి 2001లో ఒక్క ఆస్ట్రేలియా జలాల నుంచే ముప్పై కొత్త నత్తచేపలను వర్ణించారు.

ఇప్పుడు పద్ధతి మారుతోంది. 2025లో కాలిఫోర్నియా తీరానికి ఆవలి లోతు సముద్రం నుంచి మూడు కొత్త జాతులను ప్రకటించినప్పుడు, సజీవంగా తీసిన దృశ్యాలు, సీటీ స్కాన్, డీఎన్‌ఏ మూడింటినీ జోడించారు. వాటిలో గులాబీ రంగు ఒంటి మీద చిన్న చిన్న బుడిపెలున్న కేర్‌ప్రాక్టస్ కొలిక్యులై 2019లో 3268 మీటర్ల లోతున దొరికింది. మిగిలినవి కేర్‌ప్రాక్టస్ యాన్సీయై, పారాలిపారిస్ ఎమ్. చివరిదాని పేరులోని ‘ఎమ్’, అది దొరికిన ‘స్టేషన్ ఎమ్’ అనే పరిశోధన స్థలాన్ని సూచిస్తుంది. చుట్టరికం తేల్చడానికి కావలసిన ఆధారాలు పేరు పెట్టిన రోజే పోగై ఉన్నాయి కాబట్టి, ఇలాంటి జాతులు పెరిగేకొద్దీ పాత సంచిని విప్పడం సులువవుతుంది.

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా లోతున కనిపించిన చేప కూడా నత్తచేపేనని వార్తల్లో చదివాను. అది కూడా పారాలిపారిసేనా? అది ఇంకా లోతుకు ఎందుకు పోలేదు? (ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: కాదు, అది సూడోలిపారిస్ అనే ప్రజాతికి చెందినది. 2022లో జపాన్ దక్షిణాన ఉన్న ఇజు-ఒగసవార ట్రెంచ్‌లో (సముద్రం అడుగున ఉండే పొడవైన, బాగా లోతైన అగాధాన్ని ట్రెంచ్ అంటారు) దించిన కెమెరా 8336 మీటర్ల లోతున ఒక నత్తచేపను చిత్రీకరించింది. అదే యాత్రలో జపాన్ ట్రెంచ్‌లో 8022 మీటర్ల దగ్గర రెండు చేపలు బోనుకు చిక్కాయి. ఈ ప్రజాతిని ఆంద్రియాషెవ్ 1955లో నెలకొల్పాడు. మరియానా ట్రెంచ్‌లో దొరికే దీని మరో జాతికి, 2017లో, పందొమ్మిదో శతాబ్దపు చాలెంజర్ సముద్ర పరిశోధన యాత్రలో పాల్గొన్న నౌకాధికారి హెర్బర్ట్ స్వైర్ పేరు మీద సూడోలిపారిస్ స్వైరై అని పేరు పెట్టారు.

అయితే ట్రెంచ్‌లలో బతికే పారాలిపారిస్ కూడా ఒకటి ఉంది; అది చిలీ, పెరూ తీరాల వెంట ఉన్న అటకామా ట్రెంచ్‌లో ఉంది. 2018లో అక్కడ దొరికిన నీలి రంగు నత్తచేపను 2022లో పారాలిపారిస్ సెల్టీ అని ప్రకటించారు. అటకామా ప్రాంతపు మూలవాసుల కున్జా భాషలో సెల్టీ అంటే నీలం. సూడోలిపారిస్‌కు బిళ్ల ఉంది, సెల్టీకి లేదు. సెల్టీ బంధువులు దక్షిణ సముద్రంలో, అంటార్కిటికా వైపున ఉన్నారు. ఆరు వేల మీటర్లకు దిగువన బతకడం అనే విద్యను నత్తచేపలు కనీసం రెండుసార్లు, వేర్వేరు వంశాల్లో విడివిడిగా సంపాదించుకున్నాయని దీనివల్ల తేలింది.

ఇక లోతుకు హద్దు సంగతి. ఎనిమిది వేల మీటర్ల దగ్గర నీటి ఒత్తిడి మన వాతావరణ పీడనానికి దాదాపు ఎనిమిది వందల రెట్లు ఉంటుంది. ఆ ఒత్తిడికి ప్రోటీన్లు ఆకారం కోల్పోకుండా చేపల కణాల్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం కాపాడుతుంది. (నిల్వ ఉన్న సముద్రపు చేప నుంచి వచ్చే నీచు వాసన, ఈ పదార్థం విరిగిపోవడం వల్ల పుట్టేదే.) లోతు పెరిగేకొద్దీ చేప ఒంట్లో దీని పాలు పెరుగుతుంది. కాని ఒక హద్దు దాటితే ఒంట్లోని గాఢత సముద్రపు నీటి గాఢతను మించిపోయి, బయటి నీరు లోపలికి చొరబడడం మొదలవుతుంది. ఆ హద్దు 8200, 8400 మీటర్ల మధ్య ఉంటుందని 2014లోనే అంచనా వేశారు. 2022లో కెమెరాకు చిక్కిన చేప సరిగ్గా ఆ మధ్యలోనే ఈదుతూ కనిపించింది.

ప్రశ్న: కొన్ని నత్తచేపలు పీతల మొప్పల్లో గుడ్లు పెడతాయట, నిజమేనా? ఇవి మన బంగాళాఖాతంలో వలలకు పడతాయా? (పాఠకుడు, కాకినాడ)

జవాబు: నిజమే. కేర్‌ప్రాక్టస్ ప్రజాతికి చెందిన కొన్ని జాతులు ఉత్తర పసిఫిక్‌లోని కింగ్ క్రాబ్ అనే పెద్ద పీతల డిప్ప లోపల, మొప్పలుండే గదిలోకి గుడ్లను జొప్పిస్తాయి. మొప్పల మీదుగా పీత నిత్యం నీటిని పారిస్తుంది కాబట్టి గుడ్లకు ఆక్సిజన్‌తో పాటు కాపలా కూడా దొరుకుతుంది; పీతకు మాత్రం మొప్పలు నలిగి నష్టం కలుగుతుంది. అలాస్కా పీతల్లో దొరికిన గుడ్ల ముద్దలు ఏ జాతివో చూసి చెప్పడం సాధ్యం కాక, డీఎన్‌ఏ పరీక్షతో తేల్చిన పరిశోధన 2016లో వెలువడింది.

రెండో ప్రశ్నకు వస్తే, నత్తచేపలు చన్నీటి జీవులు. ధ్రువాల వైపు తీరాల దగ్గర కూడా కనిపించే ఈ కుటుంబం, ఉష్ణమండలంలో నీరు చల్లబడే లోతులకు పరిమితమవుతుంది; మన ట్రాలర్లు వలలు లాగే పైపొరల వెచ్చని నీరు వాటికి సరిపడదు. హిందూ మహాసముద్రంలోనైతే, 2019లో ఇండోనేషియా దక్షిణాన ఉన్న జావా ట్రెంచ్ అడుగుకు పంపిన కెమెరాల ముందుకు ఒక నత్తచేప వచ్చింది.