చుట్టుకొలత: మా అబ్బాయికి ముగ్గు దగ్గర అర్థమైంది

మీ పాప ఐదో తరగతి అనీ, త్రిభుజం, చతురస్రం, షడ్భుజి చుట్టుకొలత సూత్రాలు గడగడా అప్పజెబుతుంది కానీ లెక్క ఇస్తే ఏది వాడాలో తెలియక ఏడుస్తోందనీ రాశారు. నిరుడు మా ఇంట్లోనూ ఇదే టెన్షన్. మేముండేది చెన్నైలో, కొళత్తూరు వైపు. మా అబ్బాయి అప్పుడు నాలుగో తరగతి.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను, మీరు అది చేయకండి. త్రిభుజానికి 3 × భుజం, చతురస్రానికి 4 × భుజం, పంచభుజికి 5 × భుజం అని చార్టు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. రెండ్రోజుల్లో కంఠతా వచ్చేసింది. ఆ తర్వాత పొడవు 8, వెడల్పు 5 ఉన్న దీర్ఘచతురస్రం ఇస్తే 32 అని రాశాడు. 26 కదా రావాలి! ఎలా వచ్చిందిరా అంటే, "నాలుగు భుజాలు కదమ్మా, నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు" అన్నాడు. వాడికి తెలిసింది ఒక్కటే: భుజాలు ఎన్నో లెక్కపెట్టి, కనబడిన అంకెతో గుణించడం. గుణకారం ఎందుకు చేస్తున్నామో తెలియదు. ఆ రోజే చార్టు తీసేశాను.

తర్వాత మాట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. బడిలో పెరిమీటర్ అంటారు, పిల్లాడికి అదొక శబ్దం మాత్రమే. మన చుట్టుకొలతలో అర్థం పైకే కనిపిస్తోంది: చుట్టూ తిరిగి కొలిచేది. తమిళంలో కూడా సుట్రళవు అనే అంటారు, చుట్టూ ఉన్న కొలత అని. పక్కింటి పిల్లలు ఆ మాట చెబితే మా వాడికి భలే నచ్చింది. మీ పాపకు కూడా ముందు ఈ మాట విడగొట్టి చెప్పండి. ఆ తర్వాత వారం పాటు సూత్రం ఊసెత్తకండి. ఏ ఆకారమైనా సరే, ఒక మూల దగ్గర వేలు పెట్టి అంచు వెంట నడిపించి మళ్ళీ అదే మూలకు తీసుకురావాలి. నడిచిన ప్రతి అంచు కొలతా పలికి కూడాలి. 8, 5, 8, 5. ఇలా వేలు నడిపించడం మొదలుపెట్టాక 32 మళ్ళీ రాలేదు.

అసలు మలుపు మాత్రం ధనుర్మాసంలో వచ్చింది. మా అత్తయ్యగారిది నెల్లూరు. సంక్రాంతి నెలలో మా దగ్గరకు వస్తారు, పొద్దున్నే వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తారు. ఓ రోజు "ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క" అని చెబుతూ పెడుతున్నారు. మధ్య వరసలో ఏడు, దానికి పైనా కిందా ఆరు, ఐదు, నాలుగు. చిన్న వరసలోని ప్రతి చుక్కా పక్కనున్న పెద్ద వరసలో రెండు చుక్కల మధ్య సందులోకి వస్తుంది. ఎదురింటి తమిళావిడ దీన్నే ఇడుక్కు పుళ్ళి అంటారు. బయటి చుక్కల్ని కలిపితే వచ్చేది షడ్భుజి.

మా వాణ్ణి చుట్టుకొలత అడిగాను. ఒక్కో వైపు నాలుగు చుక్కలు, ఆరు వైపులు, 24 అన్నాడు. తప్పని చెప్పలేదు. చుట్టూ తిరుగుతూ ఒక్కో చుక్క మీదా ఒక్కో బియ్యపు గింజ పెట్టమన్నాను. 18 గింజలే పట్టాయి. మిగతా ఆరు ఏమయ్యాయని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాడు. కాసేపటికి వాడే అన్నాడు, మూలనున్న చుక్క ఇటువైపూ అటువైపూ రెండిట్లోనూ పడుతోందని. అప్పుడు అడిగాను, ఈ అంచు వెంట ఒక చీమ చుట్టూ తిరిగితే, దాని నడక కొలవాల్సింది చుక్కలతోనా, చుక్కకీ చుక్కకీ మధ్య ఎడంతోనా అని. నాలుగు చుక్కల మధ్య మూడే ఎడాలు. ఆరు మూళ్ళు 18. పుస్తకంలో గళ్ళ కాగితం మీద లెక్కలిచ్చినప్పుడు పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే: ఎడం లెక్కపెట్టాల్సిన చోట చుక్క లెక్కపెడతారు.

ఒక జాగ్రత్త ఉంది. చేత్తో పెట్టిన చుక్కలకు వాలు ఎడాలు, అడ్డం ఎడాలు సమానంగా రావు. మేము 5 సెం.మీ. చీపురు పుల్ల తుంపి, దాన్ని ఆనించి కొలుచుకుంటూ చుక్కలు పెట్టాం. అప్పుడు భుజం 15, చుట్టుకొలత 90 సెం.మీ. దారం చుట్టి స్కేలు మీద పెట్టి చూసుకున్నాం కూడా. అంచులన్నీ సమానమైతేనే గుణకారం చెల్లుతుందని ఆ పుల్ల వల్లే తెలిసింది. కూడికే అసలు పని, అంకెలన్నీ ఒకటే అయినప్పుడు గుణకారం దానికి అడ్డదారి.

వైశాల్యంతో కలగాపులగం అవుతోందని కూడా రాశారు కదా. దానికీ ముగ్గే. బయటి గీత గీసిన పొడవు చుట్టుకొలత, లోపల నింపిన రంగు వైశాల్యం. ఇంకా నమ్మకం కుదరకపోతే 60 సెం.మీ. దారం కొలిచి, ముడికి కాస్త అదనంగా వదిలి ఉచ్చులా కట్టండి. త్రిభుజం చేస్తే భుజం 20, చతురస్రమైతే 15, పంచభుజికి 12, షడ్భుజికి 10. దారం అదే, చుట్టుకొలత మారదు. కానీ లోపల ఒక్క పొరగా శనగలు పరిచి చూడండి: త్రిభుజంలో తక్కువ పడతాయి, షడ్భుజిలో ఎక్కువ. మా వాడు చతురస్రం వరకు చేసి, షడ్భుజిలో ఎన్ని పడతాయో తానే ఊహించి చెప్పాడు. నాకు ఆ రోజు ఎంత సంతోషమైందో!

క్రమ ఆకారం అంటే భుజాలతో పాటు కోణాలూ సమానంగా ఉండాలి. ఇది పిల్లలకు మాటల్లో ఎక్కదు. నాలుగు సమానమైన పుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి చతురస్రం చేయండి. పక్కకి నొక్కితే వాలిపోతుంది, ఇక అది చతురస్రం కాదు. కానీ చుట్టుకొలత అంతే ఉంది, పుల్లలు మారలేదుగా. మూడు పుల్లల త్రిభుజం మాత్రం ఎంత నొక్కినా కదలదు.

ఇంట్లో వస్తువులు కొలిపించండి. ఆట జరిగే చోటు 74 సెం.మీ. ఉన్న క్యారంబోర్డుకు 296. ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు అంచులు, ఒక్కోటి 7 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది; స్కేలు పక్కన ఒక చుట్టు దొర్లిస్తే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఇది బాగా వచ్చాక తిరగేసి అడగండి: 120 సెం.మీ. లేసు ఉంది, ఆరు సమానమైన అంచుల టేబుల్ మ్యాట్ చుట్టూ సరిగ్గా సరిపోవాలి, ఒక్కో అంచు ఎంత ఉండాలి? భాగహారం చేయమని మీరు చెప్పకండి.

పరీక్షలో ఎలా రాయాలని అడిగారు. భుజం 10 సెం.మీ. ఉన్న షడ్భుజి ఇస్తే, ముందు 10 + 10 + 10 + 10 + 10 + 10 అని ఒక వరస, దాని కింద 6 × 10, చివర సెం.మీ. అని రాయించండి. మా వాడు ఇప్పుడు ఐదో తరగతి, మొదటి వరస తానే మానేశాడు. మీ పాప మానేదాకా తొందరపెట్టకండి. చుక్కలు లెక్కపెట్టి 24 అంటే మాత్రం, గింజలు చేతికిచ్చి చుట్టూ పెట్టమనండి.