గవ్వల ఇల్లు, కత్తెర ఇల్లు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా కెన్యాలోని మొంబాసాలో ఉంటున్నాడు. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లో గెడి అనే పాత స్వాహిలీ (తూర్పు ఆఫ్రికా తీరపు వర్తక ప్రజల) పట్టణం ఉందట, నడుస్తూ చూడాలట. నాకు మోకాళ్ల నొప్పులు. పాడుబడ్డ గోడల కోసం అంత దూరం ఎందుకని మావారు. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా, మీవారిని కూడా లాక్కెళ్లండి. పదకొండేళ్లు మొంబాసాలో పద్దులు రాసి బతికినవాణ్ణి, గెడికి నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి నాదీ మీవారి ధోరణే. పెద్ద మసీదు, రాజభవనం గబగబా చుట్టేసి, అరగంటలో బయటికొచ్చి కొబ్బరిబొండం తాగుతూ కూర్చున్నాను. గోల్కొండ చూసిన కళ్లకు అవి చిన్నవిగానే కనిపిస్తాయి మరి.

గెడిలో చూడవలసినవి ఇళ్లు. తవ్వకాల్లో ఏ ఇంట్లో ఏది దొరికితే ఆ ఇంటికి ఆ పేరు పెట్టారు: కత్తెర ఇల్లు, ఇనుప దీపం ఇల్లు, పింగాణీ గిన్నె ఇల్లు, గవ్వల ఇల్లు. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం వాపోతామే, ఆ గవ్వలే. ఆ ఇనుప దీపం మన దేశంనుంచి వెళ్లిందంటారు, పింగాణీ చైనాది. సముద్రానికి ఆరు కిలోమీటర్ల లోపల, అడవి మధ్యన ఉన్న ఊరికి ఇవన్నీ చేరాయి. ఇళ్లలో మరుగుదొడ్లు, కడుక్కోవడానికి పక్కనే వేరే చోటు కూడా కట్టుకున్నారు. నాకు రాజభవనం కంటే అవే గొప్పగా తోచాయి.

గోడ దగ్గర ఒక నిమిషం ఆగండి. అది పగడపు రాయి, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. మనవాళ్లు నత్తగుల్లలు కాల్చి గుల్లసున్నం చేసినట్టు, వాళ్లు పగడాన్నే కాల్చి సున్నం తీశారు. మసీదు ద్వారం మీద వెడల్పాటి బల్లెం మొన చెక్కి ఉంటుంది, తల ఎత్తకపోతే కనబడదు. ఒక సమాధి మీద హిజ్రీ 802 అని ఉంది, అంటే 1399. చిత్రమేమిటంటే, పదిహేను కిలోమీటర్ల దూరంలోని మలిందిలో పోర్చుగీసువాళ్లు దాదాపు వందేళ్లు తిరిగినా వాళ్ల రాతల్లో గెడి ఊసే లేదు. పదిహేడో శతాబ్దంలో ఊరు ఖాళీ అయింది. బావుల్లో నీరు కిందికి పోవడం ఒక కారణమంటారు. మసీదు పక్క బావిలోకి తొంగిచూస్తే నమ్మబుద్ధవుతుంది.

ఇక మోకాళ్ల సంగతి. నేల చదునే, కొండ ఎక్కే పని లేదు. ఇబ్బందల్లా బాటకు అడ్డంగా పాకిన చెట్ల వేళ్లతోనే. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. పొద్దున్నే వెళ్లి రెండు గంటలు తీరిగ్గా నడవండి. అరటిపళ్లు మాత్రం సంచిలోంచి తీయకండి. మూడోసారి వెళ్లినప్పుడు ఒక కోతి నా చేతిలోది లాక్కుని, గోడ మీద కూర్చుని నన్నే చూస్తూ ఒలుచుకు తిన్నది. లావుపాటి బావోబాబ్ చెట్లు కనబడితే ఆశ్చర్యపోకండి, గోల్కొండ నయా ఖిలాలో ఉన్నది వాటి చుట్టమే.

ప్రశ్న: పద్నాలుగో శతాబ్దపు మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చూశాడని చెప్పే స్వాహిలీ నగరం గెడియేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదండీ. ఆయన 1331లో మొంబాసాలో ఒక రాత్రి ఉండి, దక్షిణాన కిల్వాకు వెళ్లాడు. అది ఇప్పటి టాంజానియాలో, దీవి మీద ఉంది. ఆయన కలిసిన సుల్తాను అల్ హసన్ ఇబ్న్ సులేమాన్ కట్టించిన భవనంలో ఎనిమిది పలకల స్నానపు కొలను నేటికీ ఉంది. ఆ సుల్తాను పేరున్న రాగి నాణెం ఒకటి లోతట్టున, ఇప్పటి జింబాబ్వే దేశంలో ఉన్న గ్రేట్ జింబాబ్వే అనే పాత నగరపు శిథిలాల్లో దొరికింది. కిల్వాకు బంగారం వచ్చింది ఆ వైపునుంచే. వీలైతే అదీ చూడండి. పడవ ఎక్కి దిగాలి కాబట్టి కాకినాడ అమ్మగారికి మాత్రం గెడి చాలు.