అమ్మలూ, విండోస్ ఎక్కించే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దమామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న రాత్రి ఫోన్‌లో మీ అమ్మ మాటల మధ్యలో, "నీ మేనకోడలు ఆ కంప్యూటర్‌లో విండోస్ కూడా ఎక్కిస్తుందట, స్నేహితులతో ఏదో ఆట ఆడుకోవడానికట" అని చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుని, మదర్‌బోర్డు మొదలు ఫ్యాను దాకా నీ చేతులతో నువ్వే బిగించుకున్న యంత్రం అది. ఆ రోజు నువ్వు పంపిన ఫోటోను నేను మా ఆఫీసులో అందరికీ చూపించాను. దానిలో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవడానికి నా అనుమతి నీకు అక్కర్లేదు. కానీ నీ బీటెక్ ప్రాజెక్టు మొత్తం ఆ యంత్రంలో ఇప్పుడున్న ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లోనే ఉంది. ఇదే పని ఒకప్పుడు నేను చేసి ఏం పోగొట్టానో నీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. శనివారం మొదలుపెడతావని విన్నాను. ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే మొదలుపెట్టు.

మొదట నిన్ను వద్దనే అనుకున్నాను. 2018లో ఆటల సంస్థ వాల్వ్ ప్రోటాన్ అనే సాధనం తెచ్చినప్పటి నుంచి విండోస్ కోసం చేసిన ఆటల్లో చాలా భాగం లినక్స్‌లోనే నడుస్తున్నాయి. ఆట డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడిగినదాన్ని అది వల్కన్ భాషలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. 2022లో వాళ్లే తెచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి ఆటల యంత్రం నడిచేది కూడా లినక్స్ మీదనే. అందుకని మీ అమ్మను ఆట పేరు కనుక్కోమన్నాను. వాలరాంట్ అని తెలిశాక నీ ఆలోచనలో న్యాయం ఉందని ఒప్పుకున్నాను. మోసగాళ్లను పట్టుకోవడానికి ఆ ఆటతోపాటు వచ్చే వాన్‌గార్డ్, విండోస్ కెర్నెల్ లోపల, అంటే సిస్టమ్ గుండెకాయలోనే, కూర్చుని పనిచేస్తుంది. ప్రోటాన్ ఆట మాటలను తర్జుమా చేయగలదు గానీ, లేని కెర్నెల్‌ను సృష్టించలేదు. కాబట్టి ఆ ఒక్క ఆటకు విండోస్ కావలసిందే. మిగతావన్నీ ఉబుంటులోనే ఆడుకో.

విండోస్ 11లో వాన్‌గార్డ్‌కు టీపీఎం 2.0 (మదర్‌బోర్డులోని భద్రతా భాగం), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే ఏర్పాటు) రెండూ ఆన్‌లో ఉండాలి. ఉబుంటు ఎక్కించినప్పుడు నువ్వు సెక్యూర్ బూట్ తీసేసి ఉంటే, ఇప్పుడు ఆన్ చేయగానే డిజిటల్ సంతకం లేని ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఉబుంటు లోడు చేయదు. అప్పుడు తెర మొద్దుబారిపోయి, బొమ్మలు పెద్దవిగా కనబడతాయి. ఏదో పాడైపోయిందని భయపడకు. డ్రైవర్‌ను మళ్లీ ఎక్కిస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాత రీస్టార్ట్ అయ్యేటప్పుడు నీలం తెర వచ్చి డ్రైవర్ సంతకాన్ని సరిచూసే కీని నమోదు చేసుకోమని అడుగుతుంది. అది కొద్ది సెకన్లే ఉంటుంది కాబట్టి కుర్చీలోంచి లేవకుండా ఉండి, నమోదు చేసి, అదే పాస్‌వర్డ్ ఇవ్వు.

విండోస్ ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది తీసుకో, దానిలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని గుర్తుంచుకో. స్నేహితురాలి విండోస్ కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి సాధనంతోనే దాన్ని తయారుచేయించుకో. కొనకుండానే విండోస్ నడిపించే యాక్టివేటర్లంటూ ఎవరో ఇచ్చే ఫైళ్లను ముట్టుకోకు. ఇవి నీకు తెలిసినవే, అందుకే ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇక నేను అసలు రాయదలచుకున్న సంగతి.

2005లో మీ అమ్మ ఎంఫిల్ చేస్తోంది. కోనసీమ పల్లెల్లో తిరిగి స్త్రీల పాటలు సేకరించేది: నలుగు పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు. తన దగ్గర ఉన్నవి ఆరు క్యాసెట్లు. ఊళ్లో రికార్డు చేసుకొచ్చి, ఇంట్లో టేప్‌రికార్డర్ ఆపుతూ నడుపుతూ వింటూ, నా కంప్యూటర్‌లోని ఫెడోరా అనే లినక్స్‌లో తెలుగులో టైపు చేసుకునేది. అప్పట్లో తెలుగు యూనికోడ్‌ను లినక్స్‌లో నడిపించుకోగలిగినవాళ్లు మా ఊళ్లో కొద్దిమందే, వారిలో నేనొకణ్నని నాకు గర్వంగా ఉండేది. క్యాసెట్లు చాలడం లేదని మీ అమ్మ అంటే, "కంప్యూటర్‌లోకి ఎక్కించేశాం కదమ్మా, ఇంకెక్కడికి పోతాయి? వాటిమీదే కొత్తవి రికార్డు చేసుకో" అన్నది నేను. అన్న మాట మీద గురితో తను అలాగే చేసింది. ముంగండ దగ్గర ఒక పల్లెలో ఎనభై ఏళ్లు దాటిన పెద్దావిడ పాడిన పదకొండు పాటలు ఉన్న క్యాసెట్ మీద కూడా అలాగే వేరే పాటలు ఎక్కాయి. ఆ వర్షాకాలంలో ఆవిడ కాలం చేసింది.

నాకేమో వైస్ సిటీ అనే ఆట ఆడాలని ఉండేది. నెట్ సెంటర్‌లో గంటకింత అని డబ్బులిచ్చి ఆడేవాణ్ని. అప్పట్లో అది నా లినక్స్‌లో నడిచేది కాదు కాబట్టి ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ కూడా పెట్టుకుందామనుకున్నాను. 40 జీబీ హార్డ్‌డిస్క్‌ను ముందే రెండు సమానమైన ముక్కలు, అంటే పార్టిషన్లు, చేసి, ఒకదానిలో ఫెడోరా పెట్టి, రెండోదాన్ని ఖాళీగా ఉంచుకున్నాను. ఆ ఏడాది దీపావళి వెళ్లిన వారంలో, ఒక రాత్రి అందరూ పడుకున్నాక ఎక్స్‌పీ సీడీ పెట్టాను. నీలం తెర, తెల్లని అక్షరాలు. ఉన్న రెండు పార్టిషన్లకూ పక్కన అది ఒకటే మాట చూపించింది: తెలియనిది. లినక్స్ ఫైల్ సిస్టమ్‌ను చదవడం దానికి రాదు కాబట్టి, నిండుగా ఉన్నదీ తెలియనిదే, ఖాళీగా ఉన్నదీ తెలియనిదే. పరిమాణం చూసి పోల్చుకుందామంటే రెండూ 19,000 ఎంబీ చిల్లరే. ఏది ముందు చేశానో నాకు గుర్తున్నదనుకున్నాను. డి నొక్కాను, ఖరారు చేయడానికి ఎల్ నొక్కాను. అంతే, రెండు అక్షరాలు. తర్వాత పసుపుపచ్చ గీత నిండుతూ ఫార్మాట్ జరుగుతుంటే పక్కనే కూర్చుని చూశాను.

అమ్మలూ, అక్కడ ఆపి ఉన్నా సరిపోయేది. పార్టిషన్ తుడిస్తే మొదట పోయేది పార్టిషన్ల పట్టికలోని ఒక వరస మాత్రమే. లోపలి అక్షరాలన్నీ డిస్క్ మీద అలాగే ఉంటాయి, టెస్ట్‌డిస్క్ వంటి సాధనంతో ఆ వరసను తిరిగి రాసుకోవచ్చు. కానీ నాకు తప్పు జరిగిందనే తెలియలేదు. ఎక్స్‌పీ వస్తే, ఏ సిస్టమ్ కావాలో ఎంచుకునే లినక్స్ వారి గ్రబ్ మెనూ మాయమవుతుందని, దాన్ని సీడీతో మళ్లీ తెచ్చుకోవాలని చదివి ఉన్నాను కాబట్టి, కంప్యూటర్ నేరుగా ఎక్స్‌పీలోకి వెళ్లడం మామూలే అనుకున్నాను. ఎక్స్‌పీ ఎక్కించి, దాని మీద ఆట ఎక్కించి, తెల్లవారేదాకా ఆడాను. మీ అమ్మ రాసుకున్న పేజీల మీదే ఆ ఫైళ్లన్నీ పరుచుకుంటున్నాయని తెలియకుండా ఆడాను.

మీ అమ్మ ఏడో నెలలో పుట్టింటికి వచ్చి ఉంది. కడుపులో ఉన్నది నువ్వే. పొద్దున్నే రెండు కాఫీ గ్లాసులతో వచ్చి, "అన్నయ్యా, మూడో అధ్యాయంలో ఒక మాట దిద్దాలి, తెరువు" అంది. నేను లినక్స్‌ను మరమ్మతు చేసే రెస్క్యూ సీడీ పెట్టాను. ఈ కంప్యూటర్‌లో లినక్స్ పార్టిషన్లేవీ లేవని చూపించింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అదే మాట. మొదటి రెండు అధ్యాయాలు అచ్చు తీసి గైడ్‌కు ఇచ్చి ఉన్నాయి కాబట్టి దక్కాయి. మూడోదీ, పాటల అనుబంధమూ పోయాయి. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, లోపలికి వెళ్లి, ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకుని, ఆ పెద్దావిడ పాటలు గుర్తున్నంతవరకు రాయడం మొదలుపెట్టింది. సాయంత్రానికి నాలుగు పాటలు పూర్తిగా, ఐదోది సగం వచ్చాయి. మిగిలినవి రాలేదు. ఇరవై ఏళ్లు దాటినా నన్ను తిట్టని మనిషి ఎదుట ఆ సంగతి ఎత్తడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

ఇది పాత కాలం సంగతి అనుకోకు. శనివారం నువ్వు పెట్టబోయే విండోస్ 11 ఇన్‌స్టాలర్ కూడా డిస్క్ నంబరు, పార్టిషన్ నంబరు, పరిమాణం చూపిస్తుంది గానీ, ఉబుంటు అనే పేరు ఎక్కడా చూపించదు. తుడిచే బటన్ ఆ జాబితా కిందనే ఉంటుంది. అందువల్ల ఈ విషయంలో మాత్రం నా మాట జవదాటకు: ఉబుంటు ఉన్న డిస్క్‌లో స్థలం చేసుకుని విండోస్ పెట్టవద్దు. వేరే ఎస్‌ఎస్‌డీ తీసుకో, 500 జీబీ చాలు. డబ్బుల సంగతి నాకు వదిలెయ్యి. అది కొన్నాక కూడా, రెండు డిస్కులూ లోపల ఉంచి విండోస్ ఎక్కించకు. కొత్త డిస్క్‌ను ఎంచుకున్నా, పాత డిస్క్‌లో బూట్ పార్టిషన్ కనబడితే విండోస్ తన బూట్ ఫైళ్లను అక్కడే పెట్టేస్తుంది. రేపు పాత డిస్క్ తీస్తే విండోస్ మొదలవదు. కరెంటు ప్లగ్ తీసి, ఉబుంటు డిస్క్ స్క్రూ విప్పి, డిస్క్‌ను బయటికి తీసి మీ అమ్మ బీరువాలో పెట్టు. స్క్రూ చాలా చిన్నది, ఒక గిన్నెలో వేసుకో. యంత్రంలో లేనిదాన్ని ఏ ఇన్‌స్టాలరూ తుడవలేదు. విండోస్ పూర్తిగా పనిచేస్తోందని చూసుకున్నాక దాన్ని తిరిగి బిగించు.

అంతకుముందు బ్యాకప్. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాననే మాట నాకు చాలదు. దాన్ని వేరే కంప్యూటర్‌కు పెట్టి, నీ ప్రాజెక్టులో ఏవైనా మూడు ఫైళ్లు తెరిచి, లోపల ఉండాల్సినది ఉందో లేదో చదివి చూడు.

తర్వాతి సంగతులు నువ్వే చూసుకోగలవు. ఏ సిస్టమ్‌లోకి వెళ్లాలన్నా, ఆన్ చేయగానే మదర్‌బోర్డు బూట్ మెనూ తెరిచే మీట నొక్కి డిస్క్‌ను ఎంచుకో. గ్రబ్‌లో విండోస్‌ను చేర్చే శ్రమ అక్కర్లేదు, ఒకదాని అప్‌డేట్ సాధారణంగా రెండోదాన్ని కదిలించదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యి, లేకపోతే అది పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, ఆ డిస్క్‌ను ఉబుంటులో తెరిస్తే ఫైళ్లు పాడు కావచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఏదైనా మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. దాన్ని ముందే కాగితం మీద రాసుకో. విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లినట్టు కనబడితే కంగారుపడకు. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ సమయంగానూ, విండోస్ మన సమయంగానూ చదువుతాయి. స్థానిక సమయమే వాడమని ఉబుంటుకు ఒక్క ఆజ్ఞ ఇస్తే సర్దుకుంటుంది. విండోస్ ఎప్పుడైనా ఏదో డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలని అడిగితే మాత్రం, ఎంత నిద్రలో ఉన్నా, వద్దు అని నొక్కి నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

రాత్రంతా ఆడుతూ కూర్చోకు అని రాయబోయి ఆగాను. నీ స్నేహితులతో కలిసి ఆడుకో తల్లీ, నీ కష్టంతో కొనుక్కున్నావు. ఒక్కసారి నాకు కూడా చూపించు.

ఇంకొక్క పని. మీ అమ్మ బీరువాలో పై అరలో, పట్టుచీరల కింద, గోధుమరంగు అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. నాలుగున్నర పాటలు ఉన్నది అందులోనే. కాగితాలు ఇప్పటికే పసుపెక్కి ఉంటాయి. మీ అమ్మను అడిగి తీసుకుని, ఒక్కో పేజీ ఎండ వెలుతురులో ఫోటో తియ్యి, ఉబుంటు డిస్క్‌లో ఒక కాపీ, ఎక్స్‌టర్నల్‌లో ఒక కాపీ పెట్టి, ఇంకొకటి నాకు పంపు. అవి నాకు చేరాయని ఫోన్ చేసి చెబుతాను. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకో.

ఇట్లు,
మీ పెద్దమామయ్య